ఆకు ఆమెది, కర్ర ఎవరిది?

చేతితో వయొలిన్ చేసేవాళ్ళ గురించి వచ్చే వ్యాసాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇటలీలోనో జర్మనీలోనో ఓ పాత వర్క్‌షాపు, నెరిసిన గడ్డంతో ఓ మాస్టారు, చెక్కని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి వినడం. 'కర్ర ఆయనతో మాట్లాడుతుంది' అన్న మాట ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది. ఆ పనితనం మీద నాకు గౌరవమే. నా పేచీ ఆ మాస్టారుతో కాదు. చెట్టుతో పరిచయం మగవాడికుంటే కళ, ఆడదానికుంటే కూలి ఎలా అయిందన్నదే నా పేచీ. చర్లలో ఉంటూ ఈ ప్రశ్న వేసుకోకుండా ఉండటం కష్టం.

వయొలిన్‌ని విప్పి చూద్దాం. పై పలక స్ప్రూస్, వెనక పలకా పక్కలూ మేపుల్. ఈ రెండూ చలిదేశాల చెట్లు. కానీ తీగల కింద వేళ్ళు నొక్కే నల్లటి పట్టీ ఉందే, అది ఎబొనీ. బిరడాలు ఎబొనీవో రోజ్‌వుడ్‌వో అయి ఉంటాయి. రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. ఎబొనీ అంటే తునికి జాతి. పేరున్న ఎబొనీ డయోస్పైరోస్ ఎబెనమ్ అయితే, మా తునికి డయోస్పైరోస్ మెలనాక్సిలాన్. ఆ రెండో మాటకి అర్థమే నల్లకర్ర. అక్కచెల్లెళ్ళ లాంటి చెట్లు. ఒకదాని చేవ కచేరీ వేదిక ఎక్కింది, రెండోదాని ఆకు బీడీ అయింది.

మా చెట్టుకి చేవ లేక కాదు. ముదిరితే దాని నడిమి కర్రా నల్లబడుతుంది. అయితే బీడీకి లేత ఆకు కావాలి, లేత ఆకు కావాలంటే చెట్టు ముదరకూడదు. అందుకని ఏటా ఎండలు ముదరకముందే పొదలు నరుకుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్ళు తెల్లారకముందే అడవిలోకి పోతారు. పురుగు తిన్నదేది, పొక్కులొచ్చిందేది, ముదిరిందేది, వాళ్ళ వేళ్ళకి తెలుసు. కళ్ళతో చూడక్కర్లేదు. ఇంటికొచ్చి వంట చేసి, పిల్లలకి పెట్టి, యాభై ఆకులకి ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి మోసుకుపోతారు. అక్కడ కుర్చీలో కూర్చుని లెక్క రాసేవాడు మగవాడు. కట్ట బాగాలేదని పక్కన పడేసేవాడూ మగవాడే. ఆ వేళ్ళ తెలివిని ఇంతవరకూ ఏ పత్రికా నైపుణ్యం అనలేదు. 'సీజన్ కూలి' అంది.

చట్టమూ ఈ మాటనే తన భాషలో చెప్పింది. 1971లో తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డలకి హక్కు ఇచ్చింది. వెదురు, తేనె, లక్క, తునికాకు అన్నీ అందులో ఉన్నాయి, కలప లేదు. ఆకు మీది, చెట్టు మాది అన్నట్టు. చిన్నతరహా అన్న మాట కూడా ఆలోచించండి. ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చేదంతా చిన్నతరహా ఎలా అయింది?

అడవి నరికెయ్యమంటావా అని అడిగేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ సమావేశం రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు కావాలంది. వాయిద్యాలు చేసేవాళ్ళూ, ఆర్కెస్ట్రాల వాళ్ళూ గట్టిగా గొంతెత్తారు. 2019లో జెనీవాలో తయారైన వాయిద్యాలకి మినహాయింపు దొరికింది. నేను దాన్ని తప్పుపట్టను. చేతిపనివాళ్ళ మాట విని ఒక అంతర్జాతీయ నిబంధన మూడేళ్ళలో మారగలదని తెలిసింది కదా, ఆ వినే చెవి చర్ల దాకా ఎందుకు రాదని అడుగుతున్నాను. ఒక డోలు గుల్లకి కావలసింది ఒక్క దుంగ.

డోలు మాట వచ్చింది కాబట్టి ఇంటి సంగతీ చెప్పుకోవాలి. మన అడవుల్లో ఫిడేలుకి దగ్గరి చుట్టం ఆదిలాబాద్ పర్ధానుల కీక్రి. దాన్నీ కమానుతోనే వాయిస్తారు. అది మగవాళ్ళ చేతిలోనే ఉంది. మా వైపు కోయ డోలీ కూడా అంతే. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథ డోలి మీద పాడిన మనిషి. 2024లో పోయారు. ఆయనకి ఆ గౌరవం దక్కవలసిందే. కానీ యుద్ధం చేసింది తల్లీకూతుళ్ళు, ఆ కథ మోసే డోలి మాత్రం మగవాడి భుజాన. ఆదివాసీ సమాజంలో ఆడ మగ తేడా లేదని మైదానాల నుంచి వచ్చి మురిసిపోయేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆటలో అడుగు ఆమెది, దెబ్బ అతనిది.

మైదానాల్లో మాత్రం ఏం వెలిగిపోతోంది? ఫిడేలుకి పేరుమోసిన విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి గారికి 2016లో సంగీత కళానిధి వచ్చింది. మహిళా వయొలిన్ విద్వాంసులకి ఆ బిరుదు రావడం అదే మొదలు. వాయించడానికే ఇంతకాలం పడితే ఉలి పట్టడానికి ఎంతకాలం పట్టాలి?

ఉలి పట్టినావిడ ఒకామె ఉంది. అమెరికాలో కార్లీన్ హచిన్స్ (1911–2009), బడిలో సైన్సు టీచరు. ఇంట్లోనే వయొలిన్లు చెక్కుతూ, పలకలు ఎలా కంపిస్తాయో కొలిచి చూసింది. పలక మీద పొడి చల్లి కంపింపజేస్తే ఆ పొడి గీతలుగా పేరుకుంటుంది. ఆ గీతల్ని బట్టి ఎక్కడ ఎంత పలచన చెయ్యాలో తేల్చింది. 1981లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసింది. మాస్టారి చెవిలో రహస్యంగా ఉన్నదాన్ని అందరూ నేర్చుకోగల చదువుగా మార్చింది. మా సంతలో ముసలమ్మ కుండని వేలితో కొట్టి పగులుందో లేదో చెప్పేదీ ఆ విద్యే. ఆమెకి పలకా ఉలీ ఇచ్చి చూసినవాళ్ళు లేరు, అంతే.

నేను అడిగేది పెద్దదేం కాదు. అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్లోనే జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు రాసి ఉంది. ఏ కర్ర మోగుతుంది, ఏది పగులుతుంది అన్నది ఆ జ్ఞానం కాదా? వాయిద్యాలకి కావలసినంత కర్ర తీసుకునే హక్కు గ్రామసభకి ఇవ్వండి. ఆ గ్రామసభలో ఆడవాళ్ళ మాట వినండి. ఆ కర్రని చెక్కే పని ఆడపిల్లలకీ నేర్పండి.

ఈ చివరి మాట ఒక శిక్షణ కేంద్రంలో అడిగాను. ఆడపిల్లలకి కుట్టు, అబ్బాయిలకి వడ్రంగం అని గోడ మీద పట్టిక ఉంది. ఆడపిల్లల చేతులు ఉలికి ఆగవమ్మా అన్నాడాయన, దయగానే. ఏటా తునికి పొదలు నరికేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో వచ్చి చూడమన్నాను. ఇంకా రాలేదు.