చిట్టెలుక ఋణము

వానకారు వచ్చినంతనే ఆదిలాబాదు కొండలలోని గోండు గూడెములను, కరీంనగరము తూర్పున గోదావరి యొడ్డున గల అడవిపల్లెలను చలిజ్వరము చిరకాలము పీడించినది. దానిని కుదుర్చు మాత్రను మ్రింగువారిలో, ఆ మందును మనుష్యులకంటె ముందు రుచిచూచిన ప్రాణి యేదని తలచువారు అరుదు. అది తరచుగా ఒక చిట్టెలుక.

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, దోమకాటు వలన వ్యాధి వ్యాపించు విధమును నిరూపించెను. 1948లో ఆఫ్రికాలోని కాంగో దేశమున ఎలుకల మలేరియా క్రిమి బయటపడెను. నాటినుండి కొత్తమందుల పరీక్షకు చిట్టెలుకలు ఆధారమయ్యెను. వాటికి క్రిమిని ఎక్కించి, నాలుగు దినములు మందిచ్చి, పిమ్మట రక్తపుబొట్టును సూక్ష్మదర్శినితో చూచి, క్రిములెంత తగ్గెనో లెక్కింతురు.

మూగజీవిని ఇట్లు బాధించుట ధర్మమా యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కాని మందును పరీక్షింపకయే యిచ్చినచో, ఆ పరీక్ష గూడెములోని బిడ్డ దేహముపైననే జరుగును గదా!

చైనా పరిశోధకురాలు తూ యూయూ మాచిపత్రి జాతి మొక్కనుండి మందు తీయబూనెను. తొలుత తీసిన సారములు నిలుకడగా పనిచేయలేదు. 1971లో వేడి తగ్గించి తీసిన సారము ఎలుకల మలేరియాను పూర్తిగా అణచెను. ఈ భేదమును తెలిపినది చిట్టెలుకయే. అయినను ఆమె అంతటితో తృప్తిపడలేదు. 1972లో సహచరులతో కూడ ఆ మందును ముందు తానే సేవించి, పిమ్మట రోగులకిచ్చెను. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించెను.

ఎలుక క్రిమి వేరు. మనుష్యుని క్రిమి వేరు. కావున చిట్టెలుక సాక్ష్యము అవసరమే కాని, తుదితీర్పు కాదు. అవసరమునకు మించి ఒక్క ప్రాణినైనను బలిపెట్టుట న్యాయము కాదు. వీలైనచోట ప్రాణులపై ప్రయోగములు మానవలెనని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది.

ఇక రోగియు ఒక ధర్మము పాటింపవలెను. జ్వరము తగ్గెనని మాత్రలను నడుమ మానినచో, మిగిలిన క్రిములు మరల విజృంభింపగలవు. వైద్యుడు చెప్పినన్ని దినములు మందు వాడుటయే ఆ చిన్నప్రాణి ఋణమును కొంతైనను తీర్చుకొను మార్గము.