వార్డు గోడమీద ఒక పేరుండాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. పాత వరంగల్ జిల్లాలోని ఈ మూడు ఊళ్లూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాలేజీతోపాటే పెద్దాసుపత్రీ వచ్చింది. ఒకప్పుడు కాన్పు కాస్త కష్టమయ్యేలా ఉంటే చాలు, "మాతోని కాదు, వరంగల్ తీస్కపోండ్రి" అన్నమాటే వినపడేది. అర్ధరాత్రి జీపు మాట్లాడుకుని, నొప్పులు పడుతున్న కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పరుగెత్తిన తల్లులు ఈ మూడుచోట్లా ఎందరో. వాళ్లకిది చిన్న మేలు కాదు.

అయితే ఆస్పత్రి దగ్గరవడం ఒక ఎత్తు, అందులోంచి క్షేమంగా ఇంటికి రావడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాని గురించి ఈ వారం మీతో మాట్లాడదామనుకుంటున్నాను. ఇది డాక్టర్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. నూటికి 60 పైగా సిజేరియన్లే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే ఆ బల్లమీద పడుకునేది దాదాపు ఎప్పుడూ ఆడదే. మంచాన పడ్డవాళ్ల పక్కన రాత్రంతా కూర్చునేదీ మనమే. మరి ఆస్పత్రిలో భద్రత మన సంగతి కాక ఇంకెవరిది?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్ సోకి కొద్దిరోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతా 30 మందినీ హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. చనిపోయిన నలుగురూ పసిపిల్లల తల్లులు. జబ్బు చేసి వచ్చినవాళ్లు కారు, ఆరోగ్యంగా నడిచి వచ్చినవాళ్లు. విచారణ జరిగింది, కుటుంబాలకు పరిహారం ప్రకటించారు, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి ఇలాంటి ఆపరేషన్లే చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. మూడేళ్లలో ఈ క్యాంపులే ఎత్తెయ్యాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి పాఠం ఇక్కడి ఆపరేషన్ థియేటర్ దాకా ఎందుకు చేరలేదు? చేరవెయ్యడం ఎవరి పని?

అదే ఏడాది మార్చి చివర్లో మన వరంగల్ ఎంజీఎం ఐసీయూలో మంచం దిగలేని రోగిని ఎలుకలు కొరికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సూపరింటెండెంటును బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. పేపర్లో చదివి "తగిన శాస్తి" అనుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. ఏ ఆస్పత్రిలోనైనా ఎలుక లోపలికి రావాలంటే గోడకు కన్నం ఉండాలి, అది బిల్డింగ్ చూసేవాళ్ల పని. మురుగుకాల్వ ఇంకొకరిది. ఊడ్చేది కాంట్రాక్టు ఏజెన్సీ. మంచాల కింద మిగిలిన అన్నం పెట్టుకునేది మనలాంటి అటెండెంట్లు. మంచం దగ్గరున్న సిస్టర్‌కి ఎలుకలున్న సంగతి తెలిసినా, ఆమె మాట వీళ్లందరికీ చేరే దారేది? నాలుగు చేతుల్లో ఉన్న పనిని కలిపి చూసే మనిషి లేకపోతే ఎందరిని బదిలీ చేసినా గోడకు కన్నం అలాగే ఉంటుంది.

ఈ కలిపి చూసే పనినే రిస్క్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. పేరు పెద్దదే గాని మనం వంటింట్లో రోజూ చేసేదే. గ్యాస్ కట్టేశామా, కిరసనాయిలు సీసా పిల్లలకి అందకుండా పెట్టామా అని పడుకోబోయే ముందు చూసుకుంటాం కదా, అలాంటిదే. భూపాలపల్లి సింగరేణి కుటుంబాల ఆడవాళ్లకైతే ఇంకా బాగా తెలుసు. గనిలో పైకప్పు ఎలా ఉంది, గ్యాస్ ఏమైనా ఉందా అని చూసే బాధ్యత సర్దార్‌ది, ఓవర్‌మన్‌ది. సేఫ్టీ ఆఫీసరు ఉంటాడు, కార్మికులు కూడా కూర్చునే సేఫ్టీ కమిటీ ఉంటుంది. అయినా ప్రమాదాలు జరుగుతున్నాయి, కాదనను. కానీ "ఇది ఎవరి డ్యూటీ?" అని అడిగితే చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడు. మగవాడు దిగే గనికి ఉన్న ఆ ఏర్పాటు, ఆడది పడుకునే కాన్పు బల్లకు ఎందుకుండకూడదు?

ప్రభుత్వ ఆస్పత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. కాన్పు గదుల కోసం 2017లో 'లక్ష్య' కార్యక్రమం వచ్చింది. క్వాలిటీ కమిటీలు పెట్టుకోమని రాశారు. కమిటీ ఫైల్లో ఉంటే చాలదు, వార్డులో తిరగాలి. అందుకు ఒక మనిషి కావాలి. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలుండడం వింతేమీ కాదు. ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి ఇవ్వబోయి ఆఖరి నిమిషంలో సిస్టర్ ఆగిందనుకోండి. గండం గడిచిందని అందరూ మర్చిపోతే, రేపు ఇంకో సిస్టర్ ఆగకపోవచ్చు. అదే ఆ సంగతి ఒక పుస్తకంలో రాసి, చేతికి పేరూ ఊరూ నెంబరూ రాసిన పట్టీ కట్టే ఏర్పాటు చేయిస్తే, ఇద్దరు సమ్మక్కలూ క్షేమంగా ఇంటికెళ్తారు.

కానీ రాస్తే ఉద్యోగం పోతుందన్న భయముంటే ఎవరు రాస్తారు? ఆయమ్మలు, స్వీపర్లు, చాలామంది నర్సులు కాంట్రాక్టు మీదో ఔట్‌సోర్సింగ్ మీదో ఉన్నవాళ్లు. అందరికంటే ముందు ప్రమాదాన్ని చూసేదీ వాళ్లే, నోరు విప్పలేనిదీ వాళ్లే. కావాలని నిర్లక్ష్యం చేసినవాళ్లని శిక్షించాల్సిందే. పొరపాటు బయటపెట్టిన మనిషిని మాత్రం కాపాడుకోవాలి.

ఇదంతా డబ్బున్న దేశాల్లోనే కుదురుతుందనేవాళ్లకు ఒక్కమాట. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పేరూ, చెయ్యబోయే ఆపరేషనూ, లెక్కపెట్టిన దూదీ గుడ్డలూ పైకి చదివి సరిచూసుకునే ఒక పేజీ జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో తేలింది. అంటే దాదాపు సగానికి. దానికి కొత్త మిషన్లేవీ అక్కర్లేదు. ఒక కాగితం, దాన్ని ఎగ్గొట్టకుండా చూసే మనిషి చాలు.

ఈ మూడు ఆస్పత్రులూ కొత్తగా పెరుగుతున్నవి. అలవాట్లు పడేది ఇప్పుడే. ఇక్కడ చదువుకునే పిల్లలు రేపటి డాక్టర్లు, ఇక్కడ చూసిందే నేర్చుకుంటారు. అందుకే నేను కోరేవి మూడే. ప్రతి వార్డు గోడమీదా పేషెంట్ల భద్రత చూసే అధికారి పేరూ ఫోన్ నెంబరూ పెద్దక్షరాల్లో తెలుగులో ఉండాలి. జరిగిన పొరపాట్లే కాక, తప్పిపోయిన గండాలూ రాసే పుస్తకముండాలి. నెలనెలా దాన్ని తెరిచి మాట్లాడుకునేచోట ఒక సిస్టరు, ఒక ఆయమ్మ, బయటి ఆడవాళ్లొకరు కూర్చోవాలి. ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినం చేస్తారు. ఆరోజు బ్యానరు కట్టి ఫొటోలు దిగడం కాదు, ఆ ఏడాది ఏమేం సరిదిద్దారో జనానికి చెప్పాలి.

మన వంతూ ఉంది. ఇంజెక్షన్ ఇచ్చేముందు "పేరు చూశారా అమ్మా?" అని మర్యాదగా అడగండి. ఏ మందు పడదో, బీపీ, షుగరు ఉన్నాయో ముందే చెప్పండి. పాత చీటీలు పారెయ్యకండి. మంచం కింద అన్నం గిన్నెలు పెట్టకండి. పసిబిడ్డను ముట్టుకునే ముందు అత్తగారైనా ఆడపడుచైనా చేతులు కడుక్కోవాల్సిందేనని చెప్పండి. ఏం జరిగినా ముందు డాక్టరు మీదికి చెయ్యెత్తే మగవాళ్లని ఆపండి. ఆ భయంతో ఆస్పత్రి ఇంకా నోరు మూసుకుంటుందే తప్ప బాగుపడదు.

ఇకమీదట మీరు ఆస్పత్రికి వెళ్లినప్పుడు "ఇక్కడ పేషెంట్ల భద్రత ఎవరు చూస్తారండీ?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. పదిమంది అడిగితే, పదకొండోసారికి ఆ గోడమీద ఒక పేరు కనబడుతుంది.