తుపాకీ ఎవరి భుజాన ఉందో చూసి మాట్లాడే చట్టం

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక రకం రీల్స్ బాగా తిరుగుతున్నాయి. అమెరికాలో ఒకాయన భుజాన పెద్ద రైఫిల్ తగిలించుకుని సూపర్ మార్కెట్లో సరుకులు కొనుక్కుంటుంటాడు. ఎవరూ ఏమీ అనరు. కింద మన తమ్ముళ్ల కామెంట్లు: "అన్నా, ఈ చట్టం మనకుంటే ఫారెస్టోళ్లు పోడులో అడుగు పెట్టేవాళ్లా?" ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. సాగు చేసుకునే చేలో కందకాలు తవ్వుతుంటే గట్టు మీద నిలబడి చూసిన పిల్లలకి ఆ మాట రాకుండా ఎట్లా ఉంటది? కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో అమెరికా సంగతులతోనే చెప్తా.

అక్కడ ఆయుధం పట్టుకునే హక్కు 1791 నుంచి రాజ్యాంగంలో ఉంది. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండానే తుపాకీ నలుగురికీ కనపడేలా పెట్టుకుని రోడ్డు మీద తిరగొచ్చు. 'ఓపెన్ క్యారీ' అంటారు. కాగితం మీద అందరికీ ఒకటే హక్కు. 1966 చివర్లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్లు ఆ కాగితాన్ని నమ్మారు. పోలీసులు నల్లవాళ్లని ఆపిన చోటల్లా, వీళ్లు చట్టం ప్రకారమే తుపాకులు పట్టుకుని కాస్త దూరంలో నిలబడి చూసేవాళ్లు. దాన్ని ఆపడానికి ఒక బిల్లు తెచ్చారు. 1967 మే 2న పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటోలో చట్టసభ భవనంలోకి వెళ్లి నిరసన చెప్పారు. ఆ ఏడాదే గుండ్లు నింపిన తుపాకీతో బయట తిరగడం నేరమైపోయింది. సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. తర్వాతి రోజుల్లో తుపాకీ హక్కులోళ్లు నెత్తిన పెట్టుకున్న రీగన్, ఆయనే!

ఇక 2016. జనవరిలో ఒరెగాన్ రాష్ట్రంలో మాల్యూర్ అనే అభయారణ్యం ఆఫీసుని కొందరు తెల్లవాళ్లు తుపాకులతో ఆక్రమించారు. భూమి సర్కారుది కాదు, పశువులు మేపుకునే మాది అన్నారు. ఆ నేల అసలు పైయూట్ ఆదివాసీలది. ఆక్రమణ 41 రోజులు నడిచింది. వాళ్లలో ఒకాయన్ని పోలీసులు కాల్చి చంపారు, అది దాచను. కానీ నాయకులని జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. ఎప్పుడు? అక్టోబర్ 27న.

సరిగ్గా అదే రోజు నార్త్ డకోటాలో స్టాండింగ్ రాక్ దగ్గర పోలీసులు ఆదివాసీల గుడారాల మీదికొచ్చారు. ఆయిల్ పైప్‌లైన్ వస్తే మా నీళ్లు పాడైపోతాయని, ఆయుధాలు తేవద్దని కట్టుబాటు పెట్టుకుని కూర్చున్న జనం వాళ్లు. ఆ ఒక్కరోజే 140 మందికి పైగా అరెస్టు. నవంబర్ 20 రాత్రి, గడ్డకట్టే చలిలో, వాళ్ల మీద నీళ్ల ఫిరంగులు కొట్టారు.

"తుపాకులు లేవు కాబట్టే కదన్నా?" అంటారు. సరే, ఉన్నప్పుడు ఏమైందో చూడండి. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసీల చేతిలో తుపాకులున్నాయి. సైన్యం చుట్టుముట్టి వాటిని లాక్కుంటుంటే ఒకటి పేలింది. ఆ సాకు చాలింది. ఆడవాళ్లూ చంటిపిల్లలూ సహా కనీసం 150 మందిని చంపేశారు.

మన దగ్గరా ఇది కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ సర్కారు ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లకి నెలకి 3,000 రూపాయలిచ్చి, స్పెషల్ పోలీస్ అని పేరు పెట్టి, చేతిలో తుపాకీ పెట్టింది. సొంత జనం మీదికే తోలింది. 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి బెంచ్ అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. అప్పటికే ఊళ్లు కాలిపోయాయి. అట్లా పారిపోయొచ్చిన గుత్తికోయలే మన భద్రాచలం అడవుల్లో ఉన్నారు. మన చేతికి తుపాకీ ఎవరిస్తారో, ఎవరి మీదికి తిప్పమంటారో వాళ్లనడిగితే చెప్తారు.

ఇంకో సంగతి. 2022 నవంబర్‌లో చండ్రుగొండ అడవిలో ఒక రేంజ్ ఆఫీసర్ హత్య జరిగాక, ఫారెస్టు సిబ్బంది తమకి తుపాకులు కావాలన్నారు. ఆ హత్య ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ తుపాకీ పట్టుకుంటేనే భద్రత అని మనమే పోస్టులు పెడితే, వాళ్ల డిమాండుని ఏ నోటితో కాదంటాం? ముందు తుపాకీ వచ్చేది వాళ్ల భుజానికే, మన భుజానికి కాదు.

తుపాకీ పేలనక్కర్లేదు, కనపడితే చాలు. 2020 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ చట్టసభలో, పై గ్యాలరీలో కొందరు రైఫిళ్లతో నిలబడ్డారు. కింద కొందరు సభ్యులు బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు తొడుక్కుని కూర్చున్నారు. ఎన్నికైన వాళ్ల పరిస్థితే అది. మరి సాయుధ బలగాలు చుట్టూ ఉండగా గ్రామసభలో మన అవ్వ లేచి 'మా కొండ ఇవ్వం' అని ఎట్లా అంటుంది? అక్కడ వేయించిన వేలిముద్రని సమ్మతి అని రాసుకుంటారు. 2013లో నియమగిరిలో 12 పల్లెసభలకి 12 వేదాంత గనిని వద్దన్నాయి. డోంగ్రియా కోందులు గెలిచింది నోటితోనే.

రీల్ షేర్ చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని చెప్తా. ఈసారి మీ ఊళ్లో గ్రామసభ అంటే ముందే సర్పంచ్‌కి, ఎంపీడీవోకి, ఐటీడీఏ పీవోకి అర్జీ పెట్టండి: సభ జరిగే చోట ఆయుధంతో ఎవరూ ఉండకూడదు, పోలీసైనా, ఫారెస్టైనా, కంపెనీ సెక్యూరిటీ అయినా. ఉంటే అది తీర్మానం పుస్తకంలో రాయించండి. రాయమంటే రాయకపోతే సభ ఫొటో తీసి, తేదీ వేసి మాకు పంపండి.