పరిమళము గల గులాబి

గులాబి ధనికుల బంగళాల ముంగిటి శోభ యనియు, పొలము పనులతో సతమతమగు రైతునకు దానితో పనిలేదనియు మనలో ననేకులు తలంచుచున్నారు. మేమట్లు తలంపము. గజపతినగరము ప్రాంతపు ఎఱ్ఱనేలలలో నీరు నిలువని మెరక చోటున్నచో గులాబి చక్కగా పెరుగును. పూజలకును, పెండ్లిండ్లకును పువ్వుల యవసరము మనకెన్నడును తఱుగదు. అయితే ఏ గులాబిని నాటవలెనను విషయమున మా యభిప్రాయమును సభ్యులకు నివేదించుచున్నాము.

పువ్వు పెద్దదనియు, రంగు చక్కనిదనియు చూచి మొక్కను కొనుట వాడుకయైనది. అట్టివానిలో పెక్కింటికి వాసన యుండదు. గత్తము దండిగా వేసిన వాసన రాగలదని కొందరి యాశ. అది వట్టి యాశ. వాసనగల గులాబిని, వాసనలేని గులాబిని పోల్చి ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు 2015వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనయందు, పరిమళమునకు తోడ్పడు నొక జన్యువు మొదటిదానిలో చురుకుగాను, రెండవదానిలో మిక్కిలి మందముగాను పనిచేయుచున్నట్లు తేలినది. కావున వాసన జాతిలోనిదే గాని ఎరువులోనిది కాదు. కొనుటకు ముందు తల్లిమొక్క పువ్వును తెల్లవారుజామున వాసన చూడుడు. పన్నీరు గులాబి రేకులు త్వరగా రాలును, నిజమే. కాని పరిమళమున దానికి సాటి వచ్చునవి తక్కువ.

మొదటి యేటి పూతను బట్టి మొక్కకు విలువ కట్టరాదు. నాటిన క్రొత్తలో మొగ్గలను గిల్లివేసినచో వేరు బలపడును. అంటు క్రిందినుండి లేచు పిలకలను మొదలంట తీసివేయవలెను. లేనిచో అవి బలిసి అంటును అణచివేయును. కొమ్మలు కత్తిరించుట అక్టోబరు పని. 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్‌హుద్ తుపానును మనమెవ్వరమును మరువలేదు. ఆ నెలలో వాన పట్టునట్లున్నచో, తడి తగిలిన గాట్లనుండి కొమ్మ ఎండు తెగులు ప్రాకును గనుక, కొన్నాళ్లాగుట మేలు.

అప్పుచేసి ఒక్కసారిగా ఎకరము నాటవలదని మా హెచ్చరిక. పెరటిలో పది మొక్కలు పెట్టి, రెండేండ్లు వాని పోకడ కనిపెట్టుడు. ఉదయమున కోసిన పువ్వు సాయంకాలమునకు వాడును. కావున ఒంటరి రైతునకు బేరమాడు వ్యవధి లేదు, దళారి చెప్పినదే ధర. ఒక గ్రామమున పదిమంది సభ్యులు ఒకే జాతిని పెంచి, పూలను ఒకచోట చేర్చి, ఒకే బండిపై సంతకు పంపినచో కూలి తగ్గును, మాటకు బలము కలుగును. ఈ విషయమును సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింప గోరుచున్నాము.