కళ్లు తేటపడినా... కాలేయంలో వైరస్!

హోసూరు: కామెర్లు వస్తే పసరు మందు తాగించడం, కళ్లు తేటపడగానే జబ్బు పోయిందనుకోవడం హోసూరు, క్రిష్ణగిరి పల్లెల్లో పాత అలవాటే. చిక్కంతా అక్కడే ఉంది. మనం కామెర్లన్నా, తమిళంలో మంజల్ కామాలై అన్నా అది పైకి కనిపించే లక్షణమే. వెనుక హెపటైటిస్-బి ఉంటే పసుపు తగ్గాకా కాలేయంలో తిష్ఠ వేయొచ్చు. చాలామందికి అసలు కామెర్లే రావు.

పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందిలో దానంతటదే పోతుంది. కాన్పు వేళ తల్లి నుంచి సోకిన పసికందుల్లో మాత్రం 90 శాతం మందిలో ఉండిపోతుంది. ఏళ్లు గడిచాక కాలేయం గట్టిపడి క్యాన్సర్‌కు దారితీయొచ్చు. ఒక్కోసారి గట్టిపడకుండానే క్యాన్సర్ వస్తుంది. తైవాన్‌లో 1981లో వెలువడిన పరిశీలనలో ఈ వైరస్ ఉన్నవారికి ముప్పు 200 రెట్లకు పైగా తేలింది.

హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్ 1997లోనే చవకగా టీకా తెచ్చింది. సర్కారు ఉచిత టీకాల్లో అది 2002లో కొద్దిచోట్ల మొదలై, దేశమంతటికీ అందేసరికి 2011 అయింది. సిప్కాట్‌లో షిఫ్టుకెళ్లే ముప్పై ఏళ్లవారంతా అంతకుముందే పుట్టారు! వీరు అడగాల్సిన రక్తపరీక్ష పేరు హెచ్‌బీఎస్‌ఏజీ. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. మందు వైరస్‌ను తుడిచెయ్యదు గానీ అణచి ఉంచుతుంది. గర్భిణికి వైరస్ ఉందని తేలితే బిడ్డకు 24 గంటల్లోపే టీకా పడాలి.