పురావస్తు చదువుకు వజీఫా ఏదీ?

మొన్న ఒక వలీమా విందులో పాత మిత్రుడొకరు కలిశారు. కూతురు అరబ్బీలో ఎం.ఏ. పాసైందట. ఇక పురావస్తు శాస్త్రం చదువుతానని పట్టుబడుతోందట. “భాయ్‌సాబ్, రాళ్లు తవ్వుకుంటే రోటీ దొరుకుతుందా?” అని అడిగారు. పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముగ్గురు పిల్లల్ని చదివించుకునే తండ్రి అడగవలసిన ప్రశ్నే అది.

అరబ్బీ, ఫార్సీ చదివిన వారికి ఈ రంగంలో చోటుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. సంస్కృతం, పాళీ, ప్రాకృతం ఎం.ఏ.లతో పాటు ఈ రెండు భాషల వారూ దానికి అర్హులే. మధ్యయుగ చరిత్ర కొంత తెలిసి ఉండాలి. చదువుకునే కాలంలో స్టైపెండ్ కూడా ఇస్తారు. అయితే సీట్లు పదిహేనే, పోటీ దేశమంతటికీ.

పీహెచ్.డి. దాకా వెళ్లగలిగితే యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. జె.ఆర్.ఎఫ్. వస్తే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం, మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. చిన్న మొత్తమేమీ కాదు. మైనారిటీ పరిశోధకులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఇంకో ఆసరాగా ఉండేది. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మంది దానికి ఎంపికయ్యారు. ఇతర పథకాలు కూడా ఇదే పని చేస్తున్నాయంటూ 2022 డిసెంబరులో కేంద్రం దాన్ని ఆపేసింది. నాకు ఆ వాదన రుచించలేదు. రెండు తలుపులున్న ఇంట్లో ఒకటి మూసేసి, దారి ఉంది కదా అంటే ఎలా?

అసలు చిక్కు అంతకు ముందే వస్తుంది. ఈ పెద్ద ఫెలోషిప్పులు చాలావరకు ఎం.ఏ. గట్టెక్కిన వారికే. ఈ చదువేమో గదిలో కూర్చుంటే వచ్చేది కాదు. వానలు వెలిశాక తవ్వకాలు మొదలవుతాయి. వారాల తరబడి గుడారాల్లో ఉండాలి. రైలు చార్జీలు, తిండి ఖర్చులు కావాలి. సెలవుల్లో ట్యూషన్లు చెప్పి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే పిల్ల ఆ సంపాదనా వదులుకోవాలి. పేదింటి పిల్లలు వెనుదిరిగేది ఇక్కడే.

మన ఊళ్లలో వజీఫాలిచ్చే ధర్మనిధులకు కొదవ లేదు. నేను చూసిన దరఖాస్తు ఫారాల్లో మాత్రం ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ తప్ప మరో గడి లేదు. పెద్దలు “ఇతరములు” అని ఒక గడి చేరిస్తే ఏం పోతుంది? ఏటా ఒక్క విద్యార్థికి ఒక తవ్వకాల సీజను ఖర్చు పెట్టుకోవడం ఏ కమిటీకీ తలకు మించిన భారం కాదు.

1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను పెట్టినప్పుడు దాన్ని నడిపిన గులాం యజ్దానీ అరబ్బీ, ఫార్సీ పండితుడే. ఆయన అజంతా చిత్రాలపై నాలుగు భాగాల గ్రంథం వెలువరించారు, ముస్లిం శాసనాల సంచికకు ఏళ్ల తరబడి సంపాదకత్వం వహించారు. నేడు ఆ భాషల శాసనాల కోసం నాగపూర్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. మరి మన పాత మసీదుల గుమ్మాల మీది రాతలను మనలో ఎందరం చదవగలం? కొన్నిచోట్ల వాటి మీద సున్నం కూడా కొట్టేశాం.

మిత్రుడితో ఇవన్నీ చెప్పాను. ఉద్యోగాలు తక్కువని కూడా దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, “ప్రవేశ పరీక్షకు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?” అని అడిగారు.