సినిమా డిగ్రీ: చేతికి రావలసింది పట్టానా, పనా?

సినిమాల్లో చేరాలంటే ఏం కావాలని అడిగితే ఒకప్పుడు మన పెద్దవాళ్ళు "మద్రాసుకు టికెట్టు" అనేవారు. ఈనాడు జవాబు మారింది. ఇంటర్మీడియెట్ పాసవాలి, ఎంట్రన్సు రాయాలి, ఇంటర్వ్యూలో నిలబడాలి, ఆ పైన ఫీజు కట్టాలి అంటున్నారు. బి.ఎస్సీ., బి.కాం.ల సరసన సినిమా కూడా ఒక డిగ్రీ అయి కూర్చుంది. సంతోషమే. అయితే లోపలికి పోవడానికి ఏమేం కావాలో చెప్పే కాగితాలు బోలెడున్నాయి గాని, బయటికి వచ్చేనాటికి విద్యార్థి చేతిలో ఏముండాలో చెప్పేవి తక్కువ. నా ఆలోచన అంతా ఈ రెండవదాన్ని గురించే. కెమిస్ట్రీ విద్యార్థి టైట్రేషన్ చెయ్యకుండా, బోటనీ విద్యార్థి హెర్బేరియం షీట్లు అతికించకుండా డిగ్రీ పుచ్చుకోలేరు. మరి సినిమా విద్యార్థికి టైట్రేషన్ ఏది? హెర్బేరియం ఏది?

ముందుగా ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. సినిమాకు డిగ్రీ ఎందుకయ్యా, ఎల్.వి. ప్రసాద్ గారు ఏ డిగ్రీ చదివారు అంటారు. నిజమే. ఏలూరు దగ్గరి పల్లెటూరి నుంచి బొంబాయి పోయి, చిల్లర పనులు చేసి, 'ఆలం ఆరా'లోనూ, 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ చిన్న వేషాలు వేసి పైకొచ్చిన మనిషి ఆయన. 1982లో ఫాల్కే అవార్డు అందుకున్నారు. కె. విశ్వనాథ్ గారు బి.ఎస్సీ. చదివి వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో చేరారు. 'మాయాబజార్' వెన్నెలను మన కళ్ళలో నిలిపిన మార్కస్ బార్ట్‌లే పత్రికా ఫొటోగ్రాఫరుగా మొదలైన వ్యక్తి. వీళ్ళలో ఎవరికీ సినిమా డిగ్రీ లేదు.

కాని వీళ్ళెవరూ చదువుకోకుండా రాలేదు. వాళ్ళ కళాశాల స్టూడియో. కెమెరా శాఖ, సౌండు శాఖ, కళాశాఖ, ఎడిటింగు గది అన్నీ ఒకే ప్రహరీ లోపల, నెలజీతాల మీద నడిచిన రోజులవి. సౌండు బూత్‌లో కూర్చున్న కుర్రవాడికి పక్క ఫ్లోర్లో గోఖలే, కళాధర్‌లు సెట్టు ఎలా లేపుతున్నారో కనిపించేది. కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడుగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు గారికి 'మాయాబజార్' సెట్టే తరగతి గది. ఆ నెలజీతాల స్టూడియోలు పోయాయి. ఇప్పుడు సినిమా సినిమాకీ యూనిట్ కూడుతుంది, షూటింగ్ అయిపోగానే చెదిరిపోతుంది. నేర్పే తీరిక ఎవరికీ లేదు. క్లాపు కొట్టే కుర్రవాడు నాలుగేళ్ళు క్లాపు కొట్టే కుర్రవాడిగానే ఉండిపోతున్నాడు. స్టూడియో చేసిన పని ఇప్పుడు కళాశాల చెయ్యాలి. డిగ్రీ అవసరమైంది అందుకే గాని, పేరు వెనక అక్షరాల కోసం కాదు.

అసలు మన సినిమా పుట్టుకలోనే ఈ చదువు ఉంది. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపి, సినిమాహాలు కట్టిన రఘుపతి వెంకయ్య గారు తమ కుమారుడు ప్రకాశ్‌ను సినిమా విద్య కోసం ఇంగ్లండు పంపించారు. ఆయన తిరిగొచ్చి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీశారు. అంటే నూరేళ్ళ కిందటే ఒక తెలుగు తండ్రి, సినిమా అనేది చూసి కాపీ కొట్టేది కాదు, కూర్చుని నేర్చుకోవలసినది అని గుర్తించాడన్నమాట. ఆయనకు కొడుకుని పంపే స్తోమత ఉంది. లేనివాడి సంగతేమిటి?

లేనివాడికి ఉన్న దారులు చూద్దాం. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో పెట్టిన పూనా ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1951లో నివేదిక ఇచ్చిన ఎస్.కె. పాటిల్ కమిటీ సిఫారసుల ఫలమది. ఘటక్ వంటివాడు పాఠం చెప్పిన చోటు. కాని అక్కడి ముఖ్యమైన మూడేళ్ళ కోర్సులకు ముందుగా ఏదో ఒక డిగ్రీ ఉండాలి. కన్నడంలో 'ఘటశ్రాద్ధ' తీసిన గిరీశ్ కాసరవల్లి ఫార్మసీ డిగ్రీ తర్వాతే అక్కడ చేరాడు. అది చెడ్డ పద్ధతి అనను, లోకం కొంత చూసివచ్చిన విద్యార్థి వస్తాడు. కాని మూడూ మూడూ ఆరేళ్ళు ఇంట్లో ఎదురుచూడగలిగేది ఎవరు? మద్రాసు తరమణిలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. అది తమిళనాడు ప్రభుత్వ సొమ్ముతో నడిచేది, సహజంగానే ముందు ఆ రాష్ట్రం పిల్లలకు. మన హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చాక ఈ చదువుకు యూనివర్సిటీ గొడుగు దొరికింది. దారులు లేకపోలేదు. కాని అవి ఊరి నుంచి వచ్చిన కుర్రవాడి గుమ్మం దాకా రావడం లేదు.

మా హాస్టల్లో ఒక మిత్రుడున్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఇంటర్ అయ్యాక సినిమా డిగ్రీ చదవాలని ఒక ప్రైవేటు సంస్థకు వెళ్ళి అడిగాడట. ఫీజు విని, మారుమాట్లాడకుండా బస్సెక్కి వచ్చి బి.కాం.లో చేరాడు. ఇప్పుడు డెబిట్లు, క్రెడిట్లు రాసుకుంటూ, సెలవుల్లో ఫోనుతో చిన్న చిన్న సినిమాలు తీస్తాడు. వాటిలో బొమ్మ బాగుంటుంది, మాట వినపడదు. తప్పు వాడిది కాదు. మైకు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి వాడికి దొరకలేదు. డిగ్రీ అంటే నా దృష్టిలో ఆ చెప్పే మనిషే.

ఇక నా లెక్కలోకి వస్తాను. యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్సుకు 160. మూడేళ్ళలో ముఖ్య విషయానికి కనీసం 60, ఉపవిషయానికి 24. మిగిలినవి భాషకు, నైపుణ్యాలకు, వేసవి ఇంటర్న్‌షిప్‌కు, ఇతర శాఖల పాఠాలకు. క్లాసు పాఠమైతే ఒక క్రెడిట్‌కు 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. సినిమాకు ఇచ్చిన 60లో 20 పాఠాలకు, 40 పనికి కేటాయించామనుకోండి. పాఠం 300 గంటలు, పని 1200 గంటలు. అంటే సెమిస్టరుకు 200 గంటలు చేతిపని. పదిహేను వారాల సెమిస్టరు అనుకుంటే వారానికి 13 గంటలకు పైమాటే. ఇది తక్కువేమీ కాదు. ఆ గంటలు నిజంగా పనికే ఖర్చయితే మనిషి తయారవుతాడు. రికార్డు బుక్కులో సంతకాలకు ఖర్చయితే ఏమవుతుందో సైన్సు మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ గంటల్లో విద్యార్థి ఏం చేసి చూపించాలి? నేనైతే అయిదు షరతులు పెడతాను.

మొదటిది, మొదటి సెమిస్టరులో సినిమా కెమెరా ముట్టుకోకూడదు. నవ్వకండి. 1919లో మాస్కోలో సినిమా బడి పెట్టినప్పుడు ముడిఫిల్ము దొరికేది కాదు. కులెషోవ్ అనే గురువు విద్యార్థుల చేత ఫిల్ము లేకుండానే సన్నివేశాలు సాధన చేయించాడు. గ్రిఫిత్ సినిమాను విడదీసి, ముక్క పక్కన ముక్క ఎందుకుందో పరిశీలింపజేశాడు. కొరత వాళ్ళకు గురువైంది. మనకు ఫోనులో అంతులేనంత తీసుకునే వీలుంది కనుక కొరతను మనమే కల్పించుకోవాలి. విద్యార్థి ముప్ఫై ఆరు ఫొటోలు తీసి కథ చెప్పాలి. బస్టాండులో కళ్ళు మూసుకుని పావుగంట కూర్చుని, విన్న శబ్దాలన్నీ రాసుకుని రావాలి. ఒక పాత సినిమాను షాటు షాటుగా కాగితం మీద పెట్టాలి.

రెండవది, అందరూ అన్ని పనులూ చెయ్యాలి. ఇవాళ చేరే పదిమందిలో తొమ్మిదిమంది డైరెక్టర్లే. సౌండుకు ఎవరూ రారు. అమ్మాయి అయితే కాస్ట్యూములు చూసుకో, కంటిన్యూటీ రాసుకో అంటారు. అందుకని ఎవరు కెమెరా పట్టాలో, ఎవరు మైకు పట్టాలో చీటీలు వేసి తేల్చాలి. రెండేళ్ళు గడిచాకనే ఎవరికి నచ్చిన శాఖ వాళ్ళు ఎంచుకోవాలి. ఇంకొకరి సినిమాకు శబ్దం పట్టకుండా, ఇంకొకరి సినిమా ఎడిట్ చెయ్యకుండా ఎవరికీ డిగ్రీ ఇవ్వకూడదు.

మూడవది, భాష. సినిమా విద్యార్థికి తెలుగు పేపరు ఎందుకనేవాళ్ళున్నారు. పాత్ర నోరు విప్పగానే అది ఏ జిల్లా మనిషో తెలియకపోతే ఆ పాత్రకు ఊరూ పేరూ లేనట్లే. బి. నరసింగరావు గారి 'దాసి' (1988) చూడండి. ఆ గడీలో మాట ఎంత తక్కువో, మౌనం ఎంత తెలంగాణదో తెలుస్తుంది. ఉపవిషయానికున్న 24 క్రెడిట్లు సాహిత్యానికో, చరిత్రకో, ఆర్థికశాస్త్రానికో ఇవ్వాలి. తన మండలంలోని నలుగురి మాటను రికార్డు చేసి, యాస చెడకుండా కాగితం మీద పెట్టి అప్పగించాలి.

నాల్గవది, జ్ఞాపకం. 'భీష్మప్రతిజ్ఞ'ను ఈనాడు మనం చూడలేం, ప్రతి మిగల్లేదు. మూకీల కాలపు మన సొత్తు చాలావరకు అలాగే పోయింది. ఇప్పుడు ఊళ్ళలో సినిమాహాళ్ళు ఒకటొకటిగా కల్యాణ మండపాలవుతున్నాయి. రీళ్ళు తిప్పిన ఆపరేటర్లు ముసలివాళ్ళయ్యారు. ప్రతి విద్యార్థి ఒక పాత హాలు గురించి, అక్కడ పనిచేసిన ఒక మనిషి గురించి పత్రాలు, ఫొటోలు, మాటలు సేకరించి కళాశాల గ్రంథాలయానికి ఇవ్వాలి. బోటనీ వాళ్ళకు హెర్బేరియం ఎలాగో, సినిమా వాళ్ళకు ఇది అలాగు.

ఐదవది, పూర్తయిన సినిమా. పది నిమిషాలు చాలు. కాని పూర్తి కావాలి, టైటిల్సుతో సహా. దాన్ని ప్రొఫెసర్ల గదిలో కాదు, విద్యార్థి సొంత ఊళ్ళోనో, పేటలోనో తెర కట్టి పదిమందికి చూపించాలి. బయటి పరీక్షకుడు ఆ జనం మధ్యనే కూర్చోవాలి. ఖర్చు లెక్క పైసాతో సహా అప్పగించాలి. అందరికీ ఒకే బడ్జెటు, కళాశాల ఇచ్చిన పరికరాలే. ఇంటి నుంచి డ్రోను తెచ్చుకున్నవాడికీ, స్నేహితుడి ఫోను అడిగి తెచ్చుకున్నవాడికీ ఒకే పరీక్ష పెట్టి మార్కులు వెయ్యడం అన్యాయం. అక్కడ మార్కులు పడేది తండ్రి జేబుకి.

ఇన్ని చేసినా ఉద్యోగం గ్యారంటీయా అంటారు. కాదు. సినిమారంగంలో ఇరవై నాలుగు క్రాఫ్టుల యూనియన్లున్నాయి. వాటి కార్డు వేరు, మన పట్టా వేరు. ఆ మాట అడ్మిషన్ నాడే తల్లిదండ్రులకు చెప్పాలి. చెప్పకుండా రంగుల కరపత్రాలు పంచడం మోసం. అయితే వినడం, చూడడం, కోసి అతకడం వచ్చినవాడు టీవీలోనో, పాఠ్యచిత్రాల్లోనో, రికార్డింగు థియేటర్లోనో బతకగలడు. ఏమీ రాకుండా పట్టా ఒక్కటే ఉన్నవాడికి ఎక్కడా చోటు దొరకదు.

ఎంట్రన్సు గురించి ఒక్క మాట. పోలెండు దర్శకుడు కీస్లోవ్‌స్కీని అక్కడి సినిమా బడి రెండుసార్లు కాదని, మూడోసారి చేర్చుకుంది. ప్రవేశ పరీక్ష ఎంత గట్టిదైనా మనిషిని పూర్తిగా తూచలేదు. కాబట్టి ద్వారం దగ్గర కాస్త ఉదారంగా ఉండి, దాటేటప్పుడు కఠినంగా ఉండాలని నా కోరిక. మన దగ్గర జరుగుతున్నది తరచు దీనికి తలకిందులు. లోపలికి రావడానికే ఫీజు అడ్డుగోడ, లోపలికొచ్చాక పట్టా తప్పకుండా వస్తుంది.

విశ్వవిద్యాలయం వారికి నా విన్నపం చిన్నది. రేపే డిపార్ట్‌మెంటు తెరవమని, స్టూడియో కట్టమని అడగడం లేదు. ఉపవిషయానికున్న ఆ 24 క్రెడిట్లలో సినిమాను పెట్టండి. తెలుగు శాఖ కథ చెబుతుంది, ఫిజిక్సు శాఖ కటకాన్నీ శబ్దాన్నీ చెబుతుంది, సెమినార్ హాల్లో ప్రొజెక్టరు ఎలాగూ ఉంది. నాలుగు మంచి మైకులు, రెండు కెమెరాలు, రెండు ఎడిటింగు కంప్యూటర్లు కొంటే మొదటి బ్యాచ్ నడుస్తుంది. ఫీజు మామూలు బి.ఏ. ఫీజే ఉండాలి. విద్యార్థి సంఘం వచ్చే ఏడాది కోరికల పత్రంలో హాస్టల్ మెస్సు, బస్సు పాసుల తర్వాత దీన్ని మూడో కోరికగా చేర్చాలి. అకడమిక్ కౌన్సిల్ ముందుకు వెళ్ళేనాటికి పైన చెప్పిన అయిదు షరతులనూ సిలబస్ రూపంలో రాసి ఇచ్చే పని, తెలుగు శాఖ మిత్రులతో కలిసి, నేను తీసుకుంటాను.